కుడివైపు రెండు క్లిప్పులు

లపీర్, మిషిగన్
ఫిబ్రవరి 22, 1998, ఆదివారం

కాజ్ బాబాయ్‌కి,

నేను లెన్ కూతురు బెర్నడెట్‌ని. అక్టోబరులో నాన్న అంత్యక్రియలకు మీరు వచ్చి చర్చిలో చివరి వరుసలో నిలబడ్డారు. భోజనానికి పిలుద్దామని నేను బయటికి వచ్చేసరికి మీ ట్రక్కు మలుపు తిరిగిపోయింది. ఆ రోజు మూడు ట్రేల పియరోగీలు మిగిలిపోయాయి. కాజ్ ఉండుంటే రెండే మిగిలేవని అమ్మ అంది. మీకు చెవులు బొత్తిగా వినపడటం లేదనీ, ఫోను చేస్తే ఐరీన్ పిన్ని ప్రతి మాటా మీకు అరిచి చెప్పాల్సి వస్తోందనీ విన్నాను. అందుకే ఈ ఉత్తరం.

సంగతేమిటంటే, నాన్న పోయిన తొమ్మిదో రోజున ఒక లారీ వచ్చి మా వాకిట్లో పెద్ద చెక్కపెట్టె దింపి వెళ్ళింది. నాన్న ఆగస్టులో ఆర్డరు పెట్టాడట. తెరిచి చూస్తే ఫైబర్‌గ్లాస్ బానెట్! ముందువైపు రెండు పెద్ద ముక్కుపుటాలు. కారు పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి వాటిలో దూరి తిన్నగా కార్బొరేటర్‌లోకి దిగే రకం. మా కొట్టంలో ఇరవై రెండేళ్ళుగా బానెట్ లేకుండా పడి ఉన్న 69 ఫైర్‌బర్డ్ కోసమే తెప్పించాడు. పెట్టెలో నాలుగు కొత్త పిన్నులూ, క్లిప్పులూ కూడా ఉన్నాయి. అమ్మ ఆ కారును "ఆ దరిద్రం" అనే అంటుంది కాబట్టి ఆవిడకు చెప్పి ఉండడు.

జూన్ 13న మన పాత స్ట్రిప్‌లో, అదే మీరు కార్ల పందేలు ఆడిన బాటలో, పాతకార్ల రోజు జరుపుతున్నారు. పావు మైలు పరుగులో, ప్రమాదం జరిగిన ఆ వేళ, నాన్న సగం దాకానే వెళ్ళగలిగాడు కదా. మిగతా సగం నేను పూర్తి చెయ్యాలనుకుంటున్నాను. రోజూ అరవై మంది పిల్లలతో స్కూలు బస్సు నడిపేదాన్ని, ఒక్క కారు నడపలేనా? కానీ బానెట్ బిగించడం నాకు చేతకాదు. మీరిద్దరూ కలిసి ఆ పని చేసేవాళ్ళని అమ్మ చెప్పింది. మీరిద్దరూ ఎందుకు మాట్లాడుకోలేదో మాత్రం చెప్పలేదు. ఆవిడకూ తెలియదట.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తారా?

మీ అన్న కూతురు,
బెర్నడెట్


లడింగ్టన్
మార్చి 4

బెర్నీ,

నన్ను "మీరు" అని రాస్తే ఎవరో ఇన్సూరెన్సు ఏజెంటుకి రాసినట్టుంది. నీ బాప్తిస్మం రోజున నా కోటు మీద కక్కావు. ఆ చనువు చాలు మనకి.

ఇక్కడ సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది. మంచుకి రంధ్రం చేసి గాలం వేసుకుని కూర్చుంటే హాయిగా ఉంటుంది. చేపలూ నాలాగే, వాటికీ ఏమీ వినపడదు. లెంట్ ఉపవాస దినాలు వచ్చాయి కదా, శుక్రవారాలు చర్చి హాల్లో చేపలు వేయించే డ్యూటీ నాది. ఐరీన్ ఒళ్ళంతా నూనె వాసన అని గొణుగుతోందట. నాకు వినపడదు కాబట్టి కాపురం బానే ఉంది.

ఇక బానెట్ మాట. నన్నడిగితే ఆ పెట్టెకు మళ్ళీ మేకులు కొట్టి వెనక్కి పంపెయ్. కీళ్ళున్న ఇనప బానెట్ ఒకటి కొనుక్కో. కీళ్ళు లేకుండా నాలుగు పిన్నుల మీద నిలబడేది మనలాంటి వాళ్ళకి వద్దు. కారునుంచి లేచిన కడ్డీ బానెట్‌లోంచి పైకొస్తే, దాని కొసన ఉన్న రంధ్రంలో క్లిప్పు దూర్చడం, ఆధారం అంతే.

వినవని తెలుసు, లెన్ కూతురివి. అందుకని ఒక్కటి చెప్తాను, మిగతావన్నీ మరిచిపోయినా పర్లేదు. మట్టి పెట్టు. పిల్లలు బొమ్మలు చేసే నూనె మట్టి. ఫిల్టరు చుట్టూ ఉండే గాలి పళ్ళెం మీద నాలుగు చోట్ల ఉండలు పెట్టి, బానెట్ మూసి, నాలుగు క్లిప్పులూ వేసి, మళ్ళీ తియ్యి. నలిగిన ఉండని కత్తితో కోసి మందం కొలువు. అర అంగుళం ఉండాలి. ఒక్కసారిగా యాక్సిలరేటరు తొక్కితే ఇంజను ఎడమవైపు పైకి లేస్తుంది. చోటు లేకపోతే బానెట్‌ని కిందనుంచి గుద్దుతుంది. పళ్ళెం అంచున ఉండే స్పాంజి పట్టీ మాత్రమే బానెట్‌కి తగలాలి, ఇనుము తగలకూడదు. బానెట్ తీసి పెట్టిన ప్రతిసారీ మట్టి చూడాల్సిందే. నలిగిన ముక్కని తేదీ వేసి అట్టకి అంటించి, సిగార్ పెట్టెలో దాచేవాడు మీ నాన్న. చిన్నప్పుడు బేస్‌బాల్ కార్డులూ అలాగే దాచాడు.

ఫైబర్‌గ్లాస్‌ని రుద్దే ముందు చేతులకి పసిపిల్లల పౌడరు దట్టంగా రాసుకో. లేకపోతే వారం రోజులు గోక్కుంటావు.

ఆ స్ట్రిప్‌కి మాత్రం నేను రాను. అడగొద్దు.

కాజ్


లపీర్
మార్చి 16

బాబాయ్,

సరే, నువ్వు అనే రాస్తున్నాను. అలా అయితే కోపం తెచ్చుకోవడం కూడా తేలిక.

"మనలాంటి వాళ్ళకి వద్దు" అంటే ఏమిటి? ఆడవాళ్ళకి వద్దనేగా? మర్యాదకి "మన" అన్నావు. ఆరేళ్ళుగా మంచులో బస్సు నడుపుతున్నాను, ఒక్క అద్దం కూడా పగలలేదు. విడిభాగాల కొట్టువాడు కూడా నిన్న "మీ ఆయన్ని పంపించమ్మా" అన్నాడు. లేని మొగుణ్ణి ఎక్కడినుంచి పంపను? నువ్వు అలాంటివాడివి కాదనుకున్నాను.

పని మాత్రం సాగుతోంది. కొత్త బానెట్ మూలలు రెండూ పైకి లేచి ఉన్నాయి. ఎండ వచ్చినప్పుడు ఇసక మూటలు పెట్టి ఉంచితే కొంచెం దిగాయి. ఎడమ అంచు ఎక్కువైంది, రుద్దుతున్నాను. పౌడరు మాట నిజమే. బస్సెక్కిన పిల్లలు "మిస్ బెర్నీ పాపాయి వాసన వస్తోంది" అంటున్నారు. స్కూల్లో బొమ్మలు నేర్పే టీచరు ఊదారంగు నూనె మట్టి ఇచ్చింది.

ఒక సందేహం. పాత పిన్నుల కడ్డీలు ఎడమవైపు రెండూ కారుకి ఇంకా ఉన్నాయి. తుప్పు పట్టి, చుట్టూ ఏదో చెత్త పట్టుకుని ఉన్నాయి. కుడివైపు మాత్రం రెండు ఖాళీ రంధ్రాలే. కుడివైపు పిన్నులు ఏమయ్యాయి? ఆ వైపు మీరు వేసేవాళ్ళు కాదా?

బెర్నీ


లడింగ్టన్
మార్చి 25

బెర్నడెట్,

అడిగావు కాబట్టి చెప్తాను. నాలుగు రోజులు ఆలోచించాను, చెప్పకుండా ఉండే దారి దొరకలేదు. అంత సూటిగా అడిగేదానివి లెన్ కూతురివి కాక ఇంకెవరివవుతావు.

ఆడపిల్లవని వద్దనలేదు. మన ఇంటిపేరు వాళ్ళకి వద్దన్నాను.

ప్రతి పరుగుకీ మా పద్ధతి ఒకటే. ఎడమవైపు రెండు క్లిప్పులు అన్నయ్యవి, కుడివైపు రెండూ నావి. ఎవరి వైపు వాళ్ళు వేసి, బానెట్ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టేవాళ్ళం. ఆ రెండు దెబ్బలు వినపడితే చాలు, రెండోవాడు వచ్చి చూసేవాడు కాదు. ఒకడి వైపు ఇంకొకడు చూస్తే అవమానం.

1976 జూన్ 13, ఆదివారం. కారు సగం దూరం వెళ్ళాక బానెట్ లేచి అద్దాన్ని కొట్టింది. కారు కంచెకి తగిలింది. నేను పరుగెత్తాను. అన్నయ్య మొహం నిండా గాజు. అంబులెన్సులో వాడి పక్కనే కూర్చున్నాను. ఆస్పత్రిలో డాక్టరు వచ్చి ఎడమకన్ను పోయిందని చెప్పాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాను. జేబులో ఒక క్లిప్పు ఉంది.

నా వైపుదే. వెయ్యడం మరిచిపోయి జేబులో వేసుకున్నాను. రెండు దెబ్బలు కొట్టానో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ఎవరికీ చెప్పలేదు. ఆ కారు మొహం కూడా మళ్ళీ చూడలేదు. అన్నయ్య ఇంటికొచ్చాక ఫోను చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో నాకు తెలుసు కాబట్టి నేనూ వెళ్ళలేదు. తర్వాత పని దొరికిందని చెప్పి ఈ ఊరు వచ్చేశాను. ఆ క్లిప్పు ఈ రోజుకీ నా ప్యాంటు జేబులోనే ఉంది. పొద్దున్నే తాళాలతో పాటు దాన్నీ వేసుకుంటాను.

ఇప్పుడు తెలిసిందిగా, కుడివైపు ఎందుకు లేవో.

కాజ్


లడింగ్టన్
ఏప్రిల్ 8

బెర్నడెట్,

రెండు వారాలైంది. నీ దగ్గరనుంచి ఏమీ రాలేదు. రాయకపోతే తప్పు నీది కాదు. మీ నాన్న కూడా ఇలాగే జవాబు చెప్పాడు.

మట్టి మాత్రం మరిచిపోకు. నేను చెప్పానని వద్దు, నీకోసం పెట్టు.

కాజ్


లపీర్
ఏప్రిల్ 11, ఈస్టర్ ముందటి శనివారం

బాబాయ్,

ఎనిమిదో తేదీన నువ్వు రాసిన ఉత్తరం ఇవాళే వచ్చింది. నేను మాట్లాడకుండా ఉండలేదు, వెతుకుతూ ఉన్నాను.

దాచకుండా చెప్తాను. క్లిప్పు సంగతి రాసిన ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద నిజంగానే మండిపడ్డాను. నాన్న ఒంటికన్నుతో గ్లాసులో నీళ్ళు పోస్తే బల్ల మీద పడేవి. అది చూస్తూ పెరిగాను. మూడో రోజున కోపం తగ్గి ఏడుపు వచ్చింది. అయినా మట్టి పెట్టకుండా ఉండలేను కదా. అట్టలు ఎలా రాసేవాడో చూద్దామని సిగార్ పెట్టె కోసం కొట్టమంతా వెతికాను. పెయింటు డబ్బాల వెనక దొరికింది. దాని పక్కనే ఒక కాఫీ డబ్బా, మూతకి చుట్టూ టేపు చుట్టి.

ఆ డబ్బాలో ఉన్నవి ఈ పార్సిలులో పంపుతున్నాను. కూర్చుని విప్పు.

కుడివైపు కడ్డీలు రెండూ అందులోనే ఉన్నాయి, బాబాయ్. రెండింటికీ క్లిప్పులు వేసి ఉన్నాయి. క్లిప్పు కింద పాత బానెట్‌ది చిరిగిన ఫైబర్‌గ్లాస్ ముక్క, గారె అంత, చుట్టూ అలాగే పట్టుకుని ఉంది. బానెట్ క్లిప్పు లేక లేవలేదు. క్లిప్పు పట్టుకునే ఉంది, బానెటే చిరిగి లేచిపోయింది. ఎడమవైపు నేను చెత్త అనుకున్నది కూడా ఇదే. గీకి చూశాను.

ప్రతి కడ్డీకీ తీగతో ఒక చీటీ కట్టి ఉంది. నాన్న రాతే. "కాజ్ వైపు. వేశాడు."

సిగార్ పెట్టెలో నలభై ఒక్క అట్టలున్నాయి. నలభై అట్టల మీద అర అంగుళమో, ఇంకా ఎక్కువో. చివరిదాని మీద మట్టి అప్పడం కన్నా పల్చగా ఉంది, గాలి పళ్ళెం అంచు గీత కూడా పడింది. తేదీ జూన్ 13, 1976. కింద పెన్సిలుతో "కార్బొరేటర్ కింద ఎత్తు దిమ్మ వేశాను. చోటు లేదు. ఒక్క పరుగుకి ఏం కాదు."

ఇంజను లేస్తే బానెట్‌ని గుద్దుతుందని నాన్నకి తెలుసు. పరుగుకి ముందే తెలుసు.

ఇంతకన్నా ఎలా రాయాలో నాకు తెలియడం లేదు. రేపు పండగ, అమ్మ గుడ్లకి రంగులు వేస్తోంది. ఆవిడకి ఇంకా చెప్పలేదు.

నీ బెర్నీ


లడింగ్టన్
ఏప్రిల్ 22

బెర్నీ,

పార్సిలు వచ్చి ఆరు రోజులైంది. వంటింటి బల్ల మీదే ఉంది. ఐరీన్ దాని చుట్టూ ప్లేట్లు పెడుతోంది.

ఇప్పుడు గుర్తొస్తోంది. ఆ పొద్దున "మట్టి చూశావా?" అని అడిగాను. "పొద్దున్నే చూశా, సరిపోయింది. నువ్వు కాఫీ తాగు" అన్నాడు. కుడివైపు వెనక క్లిప్పు దిగలేదు. రంధ్రం కనపడేంత కిందికి బానెట్ రావడం లేదు. తిట్టుకుంటూ దాన్ని జేబులో పడేసి, పనిముట్ల పెట్టెలోంచి ఇంకొకటి తీసి, బానెట్ మీద మోచెయ్యి ఆనించి నా బరువంతా వేసి నొక్కి దూర్చాను. మోచెయ్యి నొప్పి పెట్టింది కూడా. ఇరవై రెండేళ్ళు ఆ మోచెయ్యి గుర్తు రాలేదు, జేబు ఒక్కటే గుర్తుంది.

నేను వేశాను. వేశాను, బెర్నీ.

మీ నాన్న మీద నాకు ఎంత కోపంగా ఉందో చెప్పలేను. చచ్చిపోయినవాడి మీద కోపం ఎక్కడ తీర్చుకోవాలి? "వేశాడు" అని చీటీ రాశాడు. తీగతో కట్టాడు. డబ్బాలో పెట్టి టేపు కూడా చుట్టాడు. స్టాంపు అంటించి పంపడానికి చేతులు రాలేదా? వాడి కన్ను నేనే తీశానని నేను రోజూ అనుకుంటుంటే, వాడు అక్కడ కూర్చుని డబ్బాలు దాచుకున్నాడు!

కారు నీది, పరుగు నీది. వాడి కోసం మాత్రం నేను రాను.

కాజ్


లపీర్
ఏప్రిల్ 28

బాబాయ్,

నాన్న ఒక స్టాంపు కొనలేదు, నిజమే. నువ్వు కొన్నావా?

"అన్నయ్యా, నా జేబులో క్లిప్పు దొరికింది" అని ఒక్క ముక్క రాసి ఉంటే, ఆ డబ్బా మర్నాడే నీ బల్ల మీద ఉండేది. నాన్న చెప్తే నీ భారం దిగేది. నువ్వు చెప్తే నాన్నకి చెప్పక తప్పేది కాదు. ఆయన సంగతంతా నీకు తెలిసిపోయిందని, అందుకే నువ్వు మొహం చాటేశావని ఆయన అనుకున్నాడు.

ఇది నేను కల్పించి రాయడం లేదు. ఈస్టర్ నాడు అమ్మకి చెప్పాను. ఆవిడ, "అందుకా! 'వాణ్ణి పిలవచ్చు కదా' అని నేను అన్నప్పుడల్లా 'వాడు నన్ను చూడడే, వాడికి తెలుసు' అనేవాడు. ఏం తెలుసురా నాయనా అంటే చెప్పి చచ్చేవాడు కాదు" అంది.

కొత్త బానెట్‌కి నాలుగు క్లిప్పులు తెప్పించాడు నాన్న, బాబాయ్. ఒక్కడే బిగించుకోవాలనుకుంటే కీళ్ళున్నది కొనేవాడు.

నాన్న చేసింది తప్పే. ఆయన నా నాన్న కాబట్టి నేను క్షమించాలి, నువ్వు క్షమించకపోయినా నేనేం అనను. కానీ నాకు నా వైపు వెయ్యడానికి రెండు చేతులే ఉన్నాయి. కుడివైపు నిలబడేవాళ్ళు ఎవరూ లేరు.

బెర్నీ


లడింగ్టన్
మే 19

బెర్నీ,

మూడు వారాలు నీకు జవాబు రాయలేదు. నీ మాటలో తప్పు వెతుకుతూ కూర్చున్నాను, దొరకలేదు.

ఐరీన్‌కి అంతా చెప్పాను. నోరు తెరుచుకుని వింది. తర్వాత కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి నా ముందు పెట్టింది. "నీ ప్యాంటు ఉతికిన ప్రతిసారీ ఆ ఇనప ముక్క తీసి బల్ల మీద పెట్టాను. గాలానికి సంబంధించిందేమో అనుకున్నాను. ఇరవై రెండేళ్ళు! నాకు ఒక్కసారి చెప్పొచ్చు కదయ్యా!" తర్వాత ఇద్దరం ఏడ్చాం. నా ఏడుపు నాకే వినపడలేదు, ఆమె చెప్పింది బాగా గట్టిగానే ఉందని.

జూన్ 12 సాయంత్రానికి వస్తాం. నీ మట్టి అట్ట నేను చూస్తాను. మాట మీద నమ్మకం నాకు ఇక లేదు. అర అంగుళానికి వెంట్రుకవాసి తగ్గినా కారు కొట్టం దాటదు.

ఇంజను నిలిచి ఉన్నప్పుడు కొలిస్తే చాలదు. ఎవరినైనా బ్రేకు తొక్కి గేరు వేసి కాస్త యాక్సిలరేటరు ఇవ్వమను. కారు ముందు నిలబడకు.

కాజ్ బాబాయ్


లపీర్
జూన్ 2

బాబాయ్,

నువ్వు చెప్పినట్టే చేశాను. బ్రేకు ఎవరు తొక్కారో చెప్పుకో. అమ్మ! "ఆ దరిద్రంలో కాలు పెట్టను" అంటూనే జపమాల చేత్తో పట్టుకుని కూర్చుంది. ఇంజను ఒక్కసారి గర్జించేసరికి "లెనార్డ్!" అని అరిచింది. ఇంజను ఆపాక చూస్తే నవ్వుతోంది. చాలా ఏళ్ళకి అలా నవ్వింది.

మొదటిసారి కొలిస్తే పావు అంగుళమే వచ్చింది. నాన్న పెట్టిన ఎత్తు దిమ్మ తీసేశాను. ఇప్పుడు ఎడమవైపు కూడా అర అంగుళం పైనే ఉంది. స్పాంజి పట్టీ చుట్టూ చక్కగా అంటుకుంటోంది. ముక్కుపుటాల దగ్గర కాగితం పెడితే లోపలికి లాక్కుంటోంది.

అట్ట నంబరు నలభై రెండు. ఊదారంగు. బల్ల మీద పెట్టి ఉంచాను, నువ్వే కొలుచుకో.

పియరోగీలు అమ్మ చేస్తోంది. ఈసారి మిగలకూడదట.

బెర్నీ


లడింగ్టన్
జూన్ 16, 1998

బెర్నీ,

నిన్న రాత్రి బానే చేరాం. మీ అమ్మ కట్టిచ్చిన సాసేజి దారిలోనే అయిపోయింది. ఐరీన్ నామీద వేస్తోంది గానీ సగం ఆమే తింది.

శనివారం నువ్వు హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నావు, నేను అటువైపు ఏం చేస్తున్నానో నీకు కనపడలేదు. అది చెప్పాలని రాస్తున్నాను. నువ్వు కారెక్కే ముందు నీ వైపు వేసి రెండు దెబ్బలు కొట్టావు. నాకు వినపడవు కదా, బానెట్ మీద చెయ్యి పెట్టి ఉన్నాను కాబట్టి అరచేతికి తెలిశాయి. నా వైపు ముందుది కొత్త క్లిప్పు వేశాను. వెనకదానికి నా జేబులోది తీశాను. వంచి చూశాను, స్ప్రింగు ఇంకా గట్టిగా ఉంది. ఆ రోజు దిగనని మొరాయించింది అదే. ఈసారి మోచెయ్యి ఆనించడానికి వంగాను కూడా. అక్కర్లేకపోయింది. రెండు వేళ్ళతో దిగిపోయింది.

రెండు దెబ్బలు కొట్టాను. ఇది మాత్రం చచ్చేదాకా గుర్తుంటుంది.

నువ్వు కదిలాక నాకు ఏ చప్పుడూ వినపడలేదు, కాళ్ళకింద నేల అదిరింది అంతే. కళ్ళు మూసుకుందామనుకున్నాను, మూసుకోలేదు. సగం దూరం దాటావు. బానెట్ కదల్లేదు. చివరి దీపాలు కూడా దాటావు. పదమూడున్నర సెకన్లు అని ఐరీన్ వేళ్ళు చూపించింది. మీ నాన్న కన్నా నిదానమే. వాడికి చెప్పుకుని నవ్వాలనిపించింది. వాడి మీద కోపం ఇంకా ఉంది. కానీ నవ్వాలనిపించింది కూడా.

ఆ క్లిప్పు కారుకే ఉండనీ. తియ్యకు.

పొద్దున తాళాలు వేసుకుంటూ అలవాటు కొద్దీ బల్ల మీద దాని కోసం తడిమాను. ఐరీన్ చూస్తోంది. "ఏం వెతుకుతున్నావ్?" అన్నట్టు చెయ్యి ఊపింది. ఏమీ లేదన్నాను.

నీ బాబాయ్,
కాజ్